చిన్న ఆన్‌లైన్ వ్యాపారాల్లో ఫ్రీలాన్సర్లు

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే చిన్న వ్యాపారులు తమకు చేతకాని పనులను, చేతనైనా తీరిక చిక్కని పనులను నెలజీతం మీద కాకుండా పనికి ఇంత అని మాట్లాడుకుని స్వతంత్ర నిపుణులతో చేయించుకుంటారు. ఇలా పనిచేసేవారిని ఫ్రీలాన్సర్లు అంటారు. సరుకు ఫొటోలు తీయడం, లిస్టింగ్‌లు రాయడం, కేటలాగ్ ఎక్కించడం, ప్రకటనలు నడపడం, రీల్స్ ఎడిట్ చేయడం, వెబ్‌సైట్ తయారు చేయడం, జీఎస్‌టీ రిటర్నులు వేయడం వీరి చేతుల మీదుగా ఎక్కువగా సాగే పనులు. మంగళగిరిలో చీరలు నేయించి అమ్మే కుటుంబం, గోదావరి జిల్లాల్లో పచ్చళ్లూ పూతరేకులూ పార్సిల్ చేసే ఇల్లాలు, ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే కళాకారుడు, హైదరాబాద్‌లో ఇమిటేషన్ నగలు అమ్మే యువతి – ఇలాంటి వ్యాపారాల్లో సరుకు సంగతి క్షుణ్ణంగా తెలిసిన మనిషి సాధారణంగా ఒక్కరే ఉంటారు. అమ్మకానికి కావలసిన విద్యలు మాత్రం అనేకం. ఆ లోటు పూడ్చేది ఫ్రీలాన్సరే. చిన్న వ్యాపారి దెబ్బతినేదీ తరచుగా ఇక్కడే. ఖాతా పాస్‌వర్డు, అసలు ఫైళ్లు, కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు పరాయి చేతికి వెళ్లి తిరిగి రాకపోతే, పెరగవలసిన వ్యాపారం మొదటికి వస్తుంది.

నేపథ్యం

పనికి ఇంత అని లెక్కగట్టే పద్ధతి తెలుగు నేలకు కొత్త కాదు. చేనేతలో మాస్టర్ వీవర్ నూలు, డిజైన్ ఇచ్చి చీరకు ఇంత అని మజూరీ చెల్లిస్తాడు. మగ్గం నేతకారుడి ఇంట్లోనే ఉంటుంది. మద్రాసు స్టూడియోల నెలజీతాల కాలం ముగిశాక తెలుగు సినిమా కాల్‌షీట్ల మీద నడుస్తోంది. దినపత్రికలకు వార్తలు పంపే గ్రామీణ కంట్రిబ్యూటర్లు అచ్చయిన కొలతను బట్టి డబ్బు అందుకున్నారు. అయితే వీటన్నిటిలో పని ఇచ్చేవాడికీ చేసేవాడికీ ముఖపరిచయం ఉండేది. ఇంటర్నెట్ వచ్చాక, ఎన్నడూ చూడని మనిషికి పని అప్పగించి, డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచి, పని పూర్తయ్యాక విడుదల చేసే వీలు కలిగింది.

అమెరికాలో 1999లో మొదలైన ఈల్యాన్స్, 2003లో వచ్చిన ఓడెస్క్ ఈ తరహా వేదికల్లో మొదటి తరానివి. ఇవి రెండూ 2014 నాటికి ఒకటై, 2015లో అప్‌వర్క్ అనే పేరు పెట్టుకున్నాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ కేంద్రంగా ఫ్రీలాన్సర్ డాట్ కామ్ 2009లో, ఇజ్రాయెల్‌లో ఫైవర్ 2010లో వచ్చాయి. ఐదు డాలర్లకు ఒక చిన్న పని అనే ఎత్తుగడతో ఫైవర్ చిన్న వ్యాపారులను ఆకట్టుకుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ 2016 నుంచి వెలువరించిన ఆన్‌లైన్ శ్రమ సూచీ ప్రకారం ఇలాంటి వేదికలకు పనివారిని అందరికన్నా ఎక్కువగా అందిస్తున్న దేశం భారతదేశం. అంటే విదేశీ వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చే నైపుణ్యం మన వ్యాపారికి పక్క వీధిలోనే దొరికే అవకాశం ఉంది.

అమ్మకాల వైపు చూస్తే ఫ్లిప్‌కార్ట్ 2007లో, అమెజాన్ ఇండియా 2013 జూన్‌లో, మీషో 2015లో మొదలయ్యాయి. 2016లో వచ్చిన యూపీఐతో, వెబ్‌సైట్ కూడా లేకుండా వాట్సాప్‌లో చీర చూపించి ఫోన్‌లోనే డబ్బు అందుకోవడం తేలికైంది. 2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ కొనుగోలుదారులకు తెలుగులో కనిపించడం మొదలుపెట్టాయి. చిన్న వ్యాపారులను పెద్ద వేదికల మీద ఆధారపడనక్కర లేకుండా చేయాలన్న ఉద్దేశంతో ప్రభుత్వ ప్రోత్సాహంతో ఓఎన్‌డీసీ సంస్థ 2021 డిసెంబరులో ఏర్పడింది. అమ్మే చోట్లు పెరిగినకొద్దీ ఒక్కో చోటికి ఒక్కో రకం ఫొటో, వివరం, లెక్క అవసరమయ్యాయి. ఒక్క మనిషి వల్ల కాని పరిస్థితి అలా వచ్చింది.

పనిని సొంత మనుషులతో చేయించుకోవాలా, బయట కొనుక్కోవాలా అన్న ప్రశ్నకు ఆర్థిక శాస్త్రంలో పాత చర్చే ఉంది. బయట మనిషిని వెతకడానికి, బేరమాడడానికి, పని సరిచూడడానికి అయ్యే ఖర్చు ఎక్కువైనప్పుడే సంస్థలు సొంత ఉద్యోగులను పెట్టుకుంటాయని రోనాల్డ్ కోస్ 1937లో వాదించాడు. 1991లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వెతకడం, బేరమాడడం ఇప్పుడు ఫోన్‌లో నిమిషాల పని. సరిచూడడం మాత్రం అంత తేలిక కాలేదు. ఫ్రీలాన్సర్ల విషయంలో చిక్కులన్నీ ఆ మూడో ఖర్చు దగ్గరే వస్తున్నాయి.

ఫొటోలు

చిన్న వ్యాపారి మొదట బయటికి ఇవ్వదగిన పని ఇదే. డబ్బు ఇచ్చేముందే ఫలితం కళ్లకు కనిపిస్తుంది. అమెజాన్ నియమాల ప్రకారం లిస్టింగ్‌లో మొదటి ఫొటోకు వెనుక అచ్చమైన తెలుపు ఉండాలి, సరుకు చట్రంలో 85 శాతం మేర నిండాలి. ఈ నియమం పాటించడం ఏ స్టూడియోకైనా సులువే. కష్టం రంగు దగ్గర వస్తుంది. ఫొటోగ్రాఫర్ ముచ్చటపడి రంగు పెంచితే ఫోన్‌లో చిలకాకుపచ్చగా మెరిసిన చీర ఇంటికి చేరాక వెలిసినట్టు కనిపిస్తుంది, వెంటనే రిటర్న్ పడుతుంది. పోను రాను రవాణా, మాసిన మడత, మళ్లీ ఇస్త్రీ, తగ్గిన రేటింగ్ అన్నీ అమ్మకందారు మీదే పడతాయి. ఎక్కువ లైక్‌లు తెచ్చిన ఫొటో కన్నా తక్కువ రిటర్నులు తెచ్చిన ఫొటో వ్యాపారికి విలువైనది. కాబట్టి రంగు పెంచవద్దని, చీరనూ తెరనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చాకే ఫైళ్లు తీసుకుంటామని ముందే చెప్పాలి.

చేనేత చీరకు ఒక్క ఫొటో చాలదు. కొంగు, అంచు, ఒడలు, జాకెట్టు ముక్క విడివిడిగా చూపాలి. జరీ మీద వెలుగు నేరుగా పడితే తెల్లగా మాడినట్టు వస్తుంది. ఇక్కత్‌లో రంగులు ఒకదానిలోకి ఒకటి కొద్దిగా చొచ్చుకుపోయినట్టు ఉండడమే చేతిపని గుర్తు. దాన్ని లోపం అనుకుని ఎడిటింగ్‌లో చెరిపేస్తే సరుకు గొప్పతనమే పోతుంది. ఉప్పాడ జాందానీలో వెనకవైపు కూడా ఒక ఫొటోలో చూపిస్తే తెలిసిన కొనుగోలుదారు నేతపనిని వెంటనే గుర్తిస్తారు. ఈ సంగతులు ఫొటోగ్రాఫర్‌కు తెలియకపోవడం తప్పు కాదు. చెప్పవలసింది వ్యాపారి.

ఈ పనికి దగ్గరి మనిషే మేలు. సరుకు పార్సిల్‌లో వేరే ఊరు పంపి తెప్పించుకోవడంలో ఆలస్యం, నలుగుడు రెండూ ఉంటాయి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ కూడా హైదరాబాద్‌లో 1995 నుంచి నడుస్తోంది. ఇక్కడ చదివినవారిలో, కృష్ణానగర్ చుట్టుపక్కల ఉండే సినిమా సాంకేతిక నిపుణుల్లో విడి పనులు తీసుకునేవారిని వెతకవచ్చు. జిల్లాల్లో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌కు ముహూర్తాలు లేని మూఢం, ఆషాఢం రోజుల్లో ఖాళీ ఉంటుంది. ఆ రోజుల్లో రోజుకింత అని మాట్లాడుకుని ఒకేసారి యాభై, అరవై చీరలు తీయించుకోవడం ఫొటోకు ఇంత అని ఇవ్వడం కన్నా కలిసొస్తుంది.

లిస్టింగ్‌ల రాత

సరుకు పేరు, వివరం, వెతికేవారు వాడే మాటలు కలిపి రాసేదే లిస్టింగ్. రాసేవారికి భాష వస్తే చాలదు, చట్టం కూడా కొంత తెలియాలి. ఫలానా ఊరి పేరును అక్కడి అసలు సరుకుకే పరిమితం చేసే భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చింది. పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి, వెంకటగిరి, గద్వాల, ఉప్పాడ చీరలు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఈ గుర్తింపు ఉన్నవి. మిల్లులో అచ్చువేసిన బట్టకు వెతుకులాటలో పైకి రావాలని రచయిత 'పోచంపల్లి ఇక్కత్ చీర' అని పేరు పెడితే అది చట్టవిరుద్ధం, పైగా మగ్గం మీద రోజుల తరబడి కూర్చున్న మనిషి నోటి దగ్గర కూడు లాగడం. 'ఇక్కత్ ప్రింట్' అని నిజం రాసినా కొనేవారు ఉన్నారు.

ప్యాకెట్‌లో అమ్మే సరుకుకు తయారీదారు పేరు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన దేశం వంటి వివరాలు ఆన్‌లైన్ పేజీలోనూ ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఇది 2018 జనవరి నుంచి అమల్లో ఉంది. తినే వస్తువైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు తప్పదు. కాకరకాయ పొడి మధుమేహాన్ని నయం చేస్తుందనో, మునగాకు కారం ఫలానా జబ్బును పోగొడుతుందనో రాస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం దాకా పోతుంది వ్యవహారం. రాసినది ఫ్రీలాన్సరే అయినా నోటీసు వచ్చేది లైసెన్సు ఎవరి పేరున ఉంటే వారికే. అందుకే ప్రతి లిస్టింగ్‌నూ ఎక్కించేముందు యజమాని అక్షరం అక్షరం చదవాలి. ఇంగ్లీషు రాకపోతే చదివి చెప్పమని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

2022 నవంబరులో అడిగినది రాసిపెట్టే యంత్రం చాట్‌జీపీటీ విడుదలయ్యాక ఈ పని ధర తగ్గింది, పరిమాణం పెరిగింది. యంత్రంతో రాయించడం తప్పు కాదు, సరిచూడకపోవడమే తప్పు. చెప్పని వివరాన్ని యంత్రం ఊహించి నింపుతుంది. నూలు చీరకు పట్టు అని, ఐదున్నర మీటర్లకు ఆరు మీటర్లు అని రాస్తుంది. ఫొటోల్లోనూ ఇదే ప్రమాదం: మోడల్ మీద చీర కట్టినట్టు యంత్రం తయారుచేసిన బొమ్మలో అంచు వెడల్పు, బుటా వరస మారిపోతాయి. ఉన్న చీర ఒకటి, చూపిన చీర మరొకటి అయితే వినియోగదారుల చట్టం ప్రకారం అది తప్పుదోవ పట్టించే ప్రకటనే. యంత్రం వాడితే చెప్పాలని, కొలతలు, నూలు రకం, బరువు మాత్రం తానిచ్చిన పట్టిక నుంచే తీసుకోవాలని వ్యాపారి ముందే కోరవచ్చు.

ప్రకటనలు

చిన్న వ్యాపారి డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే కనుక ఈ లెక్కను నిదానంగా చూడాలి. ఉదాహరణకు ఒక చీర 2,000 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. నేయించడానికి 1,300, వేదిక కమీషన్, రవాణా, ప్యాకింగ్ కలిపి 350 అయితే చేతిలో మిగిలేది 350. ఫ్రీలాన్సర్ నడిపిన ప్రకటనల ద్వారా ఒక్కో చీర అమ్మకానికి 400 ఖర్చయింది. ఆయన పంపే నెల నివేదికలో పెట్టిన డబ్బుకు ఐదు రెట్ల అమ్మకం అని ఉంటుంది. 400 పెడితే 2,000 వచ్చాయి కాబట్టి అది అబద్ధం కాదు. కానీ ప్రతి చీర మీద వ్యాపారి 50 రూపాయలు పోగొట్టుకుంటున్నాడు. ఈ చీరకు నష్టం రాకుండా ఉండాలంటే సుమారు 5.7 రెట్ల అమ్మకం రావాలి. రిటర్నులు కలిపితే ఇంకా ఎక్కువే రావాలి. ఈ అంకె సరుకు సరుకుకీ మారుతుంది. దాన్ని లెక్కవేసి ఫ్రీలాన్సర్‌కు చెప్పగలిగేది కొన్న ధర తెలిసిన యజమాని ఒక్కరే. మంచి నిపుణుడు మొదటి రోజునే ఆ సంగతి అడుగుతాడు. సరుకు మీద ఎంత మిగులుతుందని అడగకుండా ప్రకటనలు మొదలుపెట్టేవారిని పెట్టుకోకపోవడం మంచిది.

ఫీజు ఏ పద్ధతిలో ఇస్తారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. ప్రకటనల ఖర్చులో ఇంత శాతం అని ఒప్పుకుంటే ఖర్చు పెరిగినకొద్దీ ఆయన ఆదాయం పెరుగుతుంది. అమ్మకంలో శాతం అంటే రిటర్నుల గొడవ వస్తుంది. నెలకు ఒక స్థిరమైన మొత్తం, దాటకూడని ఖర్చు పరిమితి, మూడు నెలల తర్వాత కొనసాగించాలా వద్దా అన్న సమీక్ష – చిన్న వ్యాపారానికి ఇది అన్నిటికన్నా సురక్షితం. ప్రకటన డబ్బు ఫ్రీలాన్సర్ కార్డు నుంచి కాక యజమాని ఖాతా నుంచే పోవాలి.

ఇతర పనులు

వెబ్‌సైట్ తయారీలో ప్రధానంగా చూసుకోవలసింది డొమైన్, అంటే సైట్ చిరునామా, ఎవరి పేరున నమోదైందన్నది. సైట్ తయారుచేసినవారి పేరున ఉంటే దుకాణం బోర్డు వారి ఇంట్లో ఉన్నట్టే. కేటలాగ్ ఎక్కించడం, కొనుగోలుదారుల సందేశాలకు జవాబివ్వడం రోజుకు కొన్ని గంటల పని. చదువుకున్న గృహిణులు, విద్యార్థులు దీన్ని బాగా చేస్తారు. జీఎస్‌టీ, ఆదాయపు పన్ను లెక్కలకు వేదికలు కోసుకునే మొత్తాలు తెలిసినవారు కావాలి: జీఎస్‌టీ కింద వేదికలు వసూలు చేసే మొత్తం 2024 జులైలో 0.5 శాతానికి, ఆదాయపు పన్ను కింద కోసేది 2024 అక్టోబరు నుంచి 0.1 శాతానికి తగ్గాయి. ఇవి వ్యాపారి డబ్బే. రిటర్నులో చూపకపోతే అక్కడే ఉండిపోతాయి. అమెరికాలోని తెలుగువారికి చీరలు, పచ్చళ్లు పంపేవారికి కస్టమ్స్ తెలిసిన మనిషి అవసరం 2025 ఆగస్టు నుంచి పెరిగింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు ఆ నెలాఖరున రద్దయింది.

మనిషిని ఎంచుకోవడం

ముందుగా యజమాని ఒక వారం పాటు తన సమయం దేనికి పోతోందో రాసుకోవాలి. మళ్లీ మళ్లీ చేయవలసినవి, తేలికగా సరిచూడగలిగినవి బయటికి ఇవ్వదగినవి. సరుకు ఎంపిక, ధర నిర్ణయం, పాత కొనుగోలుదారులతో మాట తన దగ్గరే ఉంచుకోవాలి. వ్యాపారం నిలబడేది వాటి మీదే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ నియామకాలు వేదికల కన్నా తెలిసినవారి మాట మీద, వాట్సాప్ గ్రూపుల ద్వారా ఎక్కువగా జరుగుతాయి. బంధువుల అబ్బాయికి కంప్యూటర్ బాగా వచ్చునని పని అప్పగించడం కూడా మామూలే. తెలిసిన మనిషి అన్న ధైర్యం ఉంటుంది, కానీ పని బాగా లేనప్పుడు అనలేని మొహమాటం, డబ్బు ఎంతో తేల్చుకోని ఇబ్బంది కూడా వెంట వస్తాయి. బంధువైనా కాగితం మీద రాసుకుంటేనే చుట్టరికం నిలుస్తుంది. అమెజాన్‌లో అమ్మేవారికి ఆ సంస్థే పరిశీలించి జాబితాలో పెట్టిన సేవాదారులు ఉన్నారు. హైదరాబాద్‌లోని వీహబ్ 2018 నుంచి మహిళా వ్యాపారులకు తోడ్పడుతోంది. సాటి వ్యాపారుల నుంచి నికరమైన సిఫారసులు దొరికేది ఇలాంటి చోట్లే.

అంతర్జాతీయ వేదికల్లో పని ఇస్తే డబ్బు మధ్యలో భద్రంగా ఉంటుంది, వివాదం వస్తే విచారించేవారు ఉంటారు. గంటల లెక్కన పనిచేస్తే అప్‌వర్క్ ఫ్రీలాన్సర్ తెర చిత్రాలను పది నిమిషాలకొకటి చొప్పున నమోదు చేస్తుంది. ఆ సౌకర్యానికి ధర ఉంది: ఫైవర్ పనివారి సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, కొనేవారి నుంచి వేరుగా సేవా రుసుము వసూలు చేస్తుంది. పని అందిందన్న నోటీసు వచ్చాక గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే డబ్బు దానంతట అదే విడుదలవుతుందని చాలామంది కొత్తవారు గమనించరు.

ఎవరిని తీసుకున్నా మొదట చిన్న పని, డబ్బిచ్చి, చేయించి చూడాలి. మూడు చీరల ఫొటోలు, రెండు లిస్టింగ్‌లు చాలు. శాంపిల్ పేరుతో ఉచితంగా చేయించుకోవడం కొందరికి అలవాటు. అది అన్యాయం, పైగా పని ఉన్న మంచివారు దానికి ఒప్పుకోరు. పాత పనులు చూపించమన్నప్పుడు స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా ఇప్పుడు నడుస్తున్న పేజీ లింకులు అడగాలి, వాటి యజమానుల్లో ఒకరిద్దరితో మాట్లాడాలి.

ఖాతాలు, సమాచారం

అసలు పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వనక్కర లేదు. అమెజాన్ సెల్లర్ ఖాతాలో అదనపు వినియోగదారులను చేర్చి ఎవరు ఏ పేజీ చూడవచ్చో నిర్ణయించే వీలుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు మెటా బిజినెస్ ఖాతాలో భాగస్వామిగా చేర్చవచ్చు. గూగుల్ యాడ్స్‌లోనూ, షాపిఫైలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పని ముగిసిన రోజే ఆ అనుమతి తీసేయాలి. బ్యాంకు ఖాతా వివరాలు మార్చే అధికారం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఇవ్వకూడదు.

కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. సమాచారాన్ని ఒప్పందం మీద ఇతరుల చేత వాడించినా బాధ్యత సేకరించినవారిదే. ప్యాకింగ్ చేసేవారికి చిరునామా చాలు, ప్రకటనలు నడిపేవారికి ఊరు చాలు. మొత్తం జాబితా ఎక్సెల్ ఫైలుగా ఎవరికీ పంపవద్దు.

ఒప్పందం, కాపీరైటు

డబ్బిచ్చి చేయించాం కాబట్టి అంతా మనదే అనుకోవడం అన్ని సందర్భాల్లో నిజం కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగి విధుల్లో భాగంగా చేసిన పనికి యజమాని హక్కుదారు. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వీడియోకు, గీయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అని చట్టం చెబుతోంది. రాసిన వివరాలకు, వెబ్‌సైట్ కోడ్‌కు అలా లేదు, మొదటి హక్కు రాసినవారిదే. లోగో విషయంలో వాదనకు తావివ్వకుండా కాగితం రాసుకోవడమే క్షేమం. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. విదేశాలకు అమ్మాలనుకునే వ్యాపారి కాలం, ప్రాంతం రెండూ స్పష్టంగా రాయించుకోవాలి.

రెండు పేజీల కాగితం చాలు. చేయవలసిన పని, ఎన్ని మార్పులు ఉచితం, గడువు, డబ్బు, అసలు ఫైళ్లు ఎప్పుడు ఇవ్వాలి, హక్కులు, గోప్యత, మధ్యలో ఆపితే ఎంత చెల్లించాలి, మోడల్ ఉంటే ఆమె అనుమతి – ఇవి ఉండాలి. మా దగ్గర మానేశాక పోటీదారుకు పనిచేయకూడదన్న షరతు కొందరు పెడతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం జీవనోపాధిని అడ్డుకునే అలాంటి ఒప్పందాలను చెల్లనివిగా చూస్తుంది కాబట్టి ఆ వాక్యం వల్ల ప్రయోజనం లేదు. వ్యాపార రహస్యం బయటపెట్టకూడదన్న షరతు మాత్రం పెట్టుకోవచ్చు.

అడ్డదారులు

వారంలో మొదటి పేజీకి తెస్తాం, వంద ఐదు నక్షత్రాల రివ్యూలు ఇప్పిస్తాం అనే సేవలు బహిరంగంగానే దొరుకుతాయి. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను అమెజాన్ నిషేధించింది. పట్టుబడితే మూతపడేది అమ్మకందారు ఖాతా. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. అదే ఏడాది జూన్‌లో ప్రకటనల మీద వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం డబ్బు, కానుక తీసుకుని సరుకును మెచ్చుకునేవారు ఆ సంగతి చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. చీర ఉచితంగా పంపి రీల్ చేయించుకునే చిన్న వ్యాపారులు కూడా ఇది తెలుసుకోవాలి. కొద్దిమంది నిజమైన కొనుగోలుదారులు చీర కట్టుకుని పంపిన ఫొటోలు, వారి అనుమతితో పెట్టినవి, వంద అద్దె పొగడ్తల కన్నా నమ్మకం కలిగిస్తాయి.

చెల్లింపులు

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020–21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులు, అంటే నెలజీతం లేకుండా విడి పనులు చేసేవారు, ఉన్నారు; 2029–30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. వీరిని చట్టంలో తొలిసారి గుర్తించిన సామాజిక భద్రతా స్మృతి 2020లో ఆమోదం పొంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఇంట్లో కూర్చుని డిజైన్లు చేసే ఫ్రీలాన్సర్‌కు నెలనెలా ఎదురయ్యే సమస్య భద్రతా పథకం కన్నా ముందు, చేసిన పనికి డబ్బు రాకపోవడం. వ్యాపారి మోసపోయిన కథలు అందరూ చెబుతారు. ఫొటోలు తీసుకుని ఫోన్ ఎత్తని వ్యాపారుల సంగతి అంతగా వినపడదు.

పన్ను విషయంలో, వ్యక్తిగత వ్యాపారికి ముందు ఏడాది టర్నోవరు కోటి రూపాయలు దాటి ఉంటే నిపుణుల ఫీజు మీద పన్ను కోసి కట్టవలసిన బాధ్యత వస్తుంది; ఏడాదికి 50,000 రూపాయలు మించిన ఫీజుకే ఇది వర్తిస్తుందని 2025 ఏప్రిల్ నుంచి పరిమితి పెంచారు. కోసిన మొత్తాన్ని ఫ్రీలాన్సర్ పాన్ నంబరు మీద జమ చేయకపోవడం ఆయన డబ్బు దాచుకోవడమే. విదేశంలో ఉన్న ఫ్రీలాన్సర్‌కు చెల్లిస్తే జీఎస్‌టీని కొన్నవారే కట్టవలసి రావచ్చు కనుక ముందే ఆడిటరును అడగాలి.

పనికి ముందు మూడో వంతు, మధ్యలో మూడో వంతు, ఫైళ్లు అందాక మిగిలింది ఇవ్వడం ఇద్దరికీ సమంగా ఉండే పద్ధతి. చిన్న సంస్థల నమోదుకు ఉన్న ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన ఫ్రీలాన్సర్ చట్టం దృష్టిలో సూక్ష్మ సంస్థ. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అలాంటివారికి ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. బాకీ పడ్డవారి మీద ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వేదిక నుంచి మీ డబ్బు రావడం ఆలస్యమైనా, మీ చీరల ఫొటోలు తీసిన మనిషి బిల్లును దానితో ముడిపెట్టకండి. గడువు రోజుకే చెల్లించండి.